గింజ, కాలేయం, కణం: బళ్లారి మెట్టనేల మీదుగా ఒక పరిశోధన చరిత్ర

బళ్లారి సీమలో మనిషి ఒంటికి ఎంత తిండి కావాలన్న ప్రశ్న శాస్త్రవేత్తల కంటే ముందు కరువు అధికారుల ముందుకు వచ్చింది. 1876లో వానలు మొహం చాటేశాయి. పెద్దలు ధాత కరువని చెప్పుకునే ఆ రెండేళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీలో అందరికంటే ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి ఒకటి. తర్వాతి హద్దుల ప్రకారం లెక్క కడితే, 1871లో 9 లక్షల పైచిలుకున్న జిల్లా జనం 1881 నాటికి 7 లక్షల 37 వేలకు పడిపోయారు. అయిదో వంతు మనుషులు లెక్కల్లోంచి మాయమయ్యారు.

1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ ఖర్చు తగ్గించమని రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే 450 గ్రాములు, దాని మీద కొద్దిపాటి డబ్బు చాలునని టెంపుల్ తేల్చాడు. రాళ్లు కొట్టి, మట్టి మోసే మనిషికి ఆ గింజలు ఇచ్చేవి దాదాపు 1,600 కేలరీలే. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ ఎదురుతిరిగాడు. జైల్లో ఖైదీకి పెట్టే తిండి ఇంతకంటే మేలని చూపించాడు. గింజ ఒక్కటే కడుపు నింపినా ఒళ్లు నిలబెట్టదని, పప్పు, కూర కూడా కావాలని వాదించాడు. ఆ వాదం గట్టిపడి ఆ ఏడే కూలి పెంచారు. అప్పటికే ఎందరి ప్రాణాలు పోయాయో! నా దృష్టిలో మన ప్రాంతపు పోషకాహార శాస్త్రం ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు, ఈ తగవులోనే పుట్టింది. ఎంత తింటున్నాడని ఒకరు అడిగితే, ఏం తింటున్నాడని రెండోవారు అడిగారు. తర్వాతి నూట యాభై ఏళ్ల పరిశోధన ఆ రెండో ప్రశ్న వెంటే నడిచింది, చివరికి కేన్సర్ కణం దాకా వెళ్లింది.

అదే ప్రెసిడెన్సీలో, నీలగిరి కొండల మీద కూనూరులో, రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో బెరిబెరి మీద పరిశోధనకు ఒక చిన్న గది తెరిచాడు. దేశంలోని రకరకాల ప్రాంతాల తిండ్లు ఎలుకలకు పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూర తిన్నవి బలంగా పెరిగాయి. పాలిష్ పట్టిన తెల్లబియ్యం మీదే బతికినవి కుంగిపోయాయి. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో నేటికీ ఉంది.

ఇదే రోజుల్లో ఇంకో దారి విడిగా సాగింది. లూసీ విల్స్ అనే డాక్టరు 1928లో బొంబాయికి వచ్చి, గర్భిణులైన మిల్లు కూలీలకు వచ్చే రక్తహీనతను పరిశీలించింది. ఈస్టు సారం ఇస్తే వాళ్లు తేరుకున్నారు. అందులోని తెలియని పదార్థాన్ని వెతికి, దాన్ని ప్రయోగశాలలో తయారు చేయించిన వాడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. సుబ్బారావు సొంత అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టకుండా పోవడం అంటే ఏమిటో ఆయనకు పుస్తకం చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. అంతకుముందు హార్వర్డ్‌లో ఉండగా, 1929లో, సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఏటీపీని గుర్తించింది కూడా ఆయనే. కణం తన పనులన్నిటికీ ఖర్చు పెట్టే శక్తి అదే.

కథ మలుపు తిరిగింది ఇక్కడే. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ తరహా మందులిచ్చి చూశాడు. రక్తహీనతను తగ్గించే పదార్థం కదా, మేలు చేస్తుందనుకున్నాడు. జబ్బు తగ్గకపోగా ఇంకా ఉరికింది. అంటే కేన్సర్ కణం కూడా ఆ పోషకాన్నే ఆత్రంగా తింటోందన్నమాట. అయితే దాని నోటికి అడ్డు పడే మందు కావాలి. సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి పనిచేయని అమైనోప్టెరిన్‌ను తయారు చేసి పంపింది. ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనకంజ వేసింది. ఈ ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు చనిపోయాడు, వయసు 53. అమైనోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ప్రతి కేన్సర్ వార్డులో ఉంది. గర్భిణికి ఇచ్చే మాత్ర, కేన్సర్ పిల్లవాడికి ఎక్కించే మందు ఒకే పరిశోధన కడుపున పుట్టాయి. ఈ సంగతి బడి పుస్తకాల్లో రెండు వాక్యాలతో తేల్చేయడం నాకు బాధ.

మళ్లీ మెట్టకు వద్దాం. 1953 బళ్లారికి రెండు విధాల పెద్ద సంవత్సరం. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, మిగతా తాలూకాలు మైసూరుకు వెళ్లాయి. అదే ఏడు తుంగభద్ర ఆనకట్ట నీళ్లు కాలువలకెక్కాయి. కాలువ పారిన చోట వరి వచ్చింది. పారని చోట జొన్న, కొర్ర, పత్తి, బుడ్డలు (వేరుశనగ) మిగిలాయి. సరిహద్దుకు అటూ ఇటూ వియ్యంకులే. పక్కపక్క ఊళ్లలో తిండి మాత్రం రెండుగా చీలింది.

జొన్న సంగటి తిని బతికే దక్కను పల్లెల్లో ఒక జబ్బు కనిపించేది. మెడ చుట్టూ, చేతుల మీద ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు రాలడం, విరేచనాలు, చివరికి మతి తప్పడం. పెల్లాగ్రా. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న తినేవాళ్లకు ఇదే వస్తే, ఇది అంటురోగం కాదు, తిండి లోపమని 1915 ప్రాంతంలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ నిరూపించాడు. ఆ లోపం నియాసిన్ విటమినుదని 1937లో తేలింది. కాని జొన్నలో నియాసిన్ మరీ తక్కువేం కాదు. మరి జబ్బెందుకు? హైదరాబాదులో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠయ్య 1960లో ఒక జవాబు ముందుకు తెచ్చారు. జొన్న మాంసకృత్తుల్లో లూసిన్ అనే అమైనో ఆమ్లం మితిమీరి ఉంటుందని, అది ఒంట్లో నియాసిన్ తయారీని చెడగొడుతుందని. అధిక లూసిన్ పెట్టిన కుక్కలకు నల్లనాలుక జబ్బు వచ్చింది. ఈ వాదం మీద తర్వాత చర్చలు చాలా జరిగాయి, బీ6 విటమిను పాత్ర కూడా బయటపడింది. నాకు ముఖ్యమనిపించేది ఏమిటంటే, లోపమంటే లేకపోవడమే కాదు, ఒకటి ఎక్కువైనా ఇంకొకటి లోపిస్తుందని ఈ మెట్ట జొన్న చెప్పింది. అయినా జొన్నను దోషిగా నిలబెట్టడం అన్యాయం. పప్పు, పాలు, ఆకుకూర పక్కన ఉన్న జొన్న రొట్టెకు ఈ పేరు రాలేదు. జొన్న ఒక్కటే దిక్కైన పేదరికానిదే తప్పు.

ఇక బుడ్డల సంగతి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు తెలియని జబ్బుతో చచ్చాయి. మూలం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి. దానిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేరి, అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదిలింది. వేరుశనగ ప్రాణంగా బతికే రాయలసీమకు, బళ్లారికి ఇది మామూలు వార్త కాదు. గింజ పాలు పోసుకునే వేళ వాన తప్పితే బూజు మట్టిలోనే కాయలోకి దూరుతుంది. పెరికి వామి వేసిన తర్వాత వాన పడితే పైనుంచీ పడుతుంది. వామి విప్పినప్పుడు చూడండి. మేలైన కాయ గలగలలాడుతుంది. బూజు పట్టిన కాయ పగలగొడితే ముడుచుకున్న గింజ మీద పచ్చని, ఆకుపచ్చని పొడి అంటి ఉంటుంది. ఆడవాళ్లు కూర్చుని పుచ్చులు ఏరుతారు. కంటికి కనిపించిన దాన్ని ఏరగలం. చెడిన గింజలో చాలాభాగం నూనె గానుగకో మిల్లుకో పోతుంది. నూనె వడకట్టి శుద్ధి చేస్తే విషం దాదాపు పోతుంది, చెక్కలో మాత్రం మిగులుతుంది. చెక్క గేదెకు, గేదె పాలు పిల్లలకు.

ఈ విషం మీద హైదరాబాదులో టి.వి.మాధవన్, గోపాలన్ చేసిన ప్రయోగం అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు. మాంసకృత్తులు తక్కువ తిన్న ఎలుకలకు అఫ్లాటాక్సిన్ తక్షణ దెబ్బ ఎక్కువగా తగిలింది, అవి త్వరగా చచ్చాయి. అది ఎవరైనా ఊహించేదే. 1968లో వచ్చిన రెండో ఫలితం అలాంటిది కాదు. ఆహారంలో 20 శాతం మాంసకృత్తులు తిని ఏడాది పైగా బతికిన ఎలుకల్లో సగానికి కాలేయంలో గడ్డలు వచ్చాయి. 5 శాతం మాత్రమే తిన్నవాటిలో బతికినవాటికి ఒక్కదానికీ రాలేదు. బలమైన తిండి విషం నుంచి కాపాడి, కేన్సర్‌కు దారి తీసిందా? తర్వాత అమెరికాలో కాలిన్ కాంప్‌బెల్ ప్రయోగాల్లో కారణం బోధపడింది. అఫ్లాటాక్సిన్ తనంత తాను కేన్సర్ తేదు. కాలేయంలోని ఎంజైములు దాన్ని మార్చిన తర్వాతే అది డీఎన్ఏలోని గ్వానిన్‌కు అంటుకుంటుంది. మాంసకృత్తులు తక్కువైతే ఆ ఎంజైములూ తగ్గుతాయి. దీన్ని పట్టుకుని పేదవాడికి పప్పు, గుడ్డు తగ్గించమని చెప్పేవాళ్లు కనిపిస్తే నాకు కోపం వస్తుంది. ఆకలికి చచ్చిన ఎలుకకు కేన్సర్ రాలేదంటే అది ఆరోగ్యం కాదు. చేయవలసింది విషాన్ని తీసేయడం, తిండిని కాదు.

1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా కాలేయం చెడి చనిపోయారు. హైదరాబాదు సంస్థ నుంచే కృష్ణమాచారి బృందం వెళ్లి కారణం తేల్చింది. 1991లో మాలిక్యులర్ బయాలజీ ఈ కథను ఇంకా లోపలికి తీసుకెళ్లింది. చైనాలోని చిదుంగ్‌లో, దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలో వచ్చిన కాలేయ గడ్డల్లో పీ53 జన్యువు 249వ స్థానంలో ఒకే రకం మార్పు పదే పదే కనిపించింది. విషం వేలిముద్ర జన్యువులో దొరికినట్టే. షాంఘై పరిశోధన ఇంకో లెక్క చెప్పింది. ఒంట్లో అఫ్లాటాక్సిన్ గుర్తులుంటే కాలేయ కేన్సర్ ముప్పు మూడు రెట్లకు పైగా, హెపటైటిస్ బీ ఒక్కటే ఉంటే ఏడు రెట్లు, రెండూ కలిస్తే దాదాపు 60 రెట్లు. పసిబిడ్డకు వేసే హెపటైటిస్ బీ టీకా కూడా ఒక రకంగా వేరుశనగ రైతు బిడ్డకు కేన్సర్ టీకాయే.

కాలువ ఊళ్ల కథ వేరుగా నడిచింది. ఇక్కడ కరువు జ్ఞాపకం ఒంట్లో ఎలా నిలుస్తుందన్న ప్రశ్న వస్తుంది. మైసూరులో హోల్డ్స్‌వర్త్ ఆసుపత్రి 1934 నుంచి పుట్టిన బిడ్డల బరువులు రాసి పెట్టింది. ఆ పుస్తకాల ఆధారంగా 500 మందికి పైగా పెద్దవాళ్లను వెతికి పరీక్షించి 1996లో ప్రకటించిన ఫలితం: రెండున్నర కిలోలు, అంతకు తక్కువతో పుట్టినవాళ్లలో గుండెజబ్బు 11 శాతం, 3.1 కిలోలకు పైబడి పుట్టినవాళ్లలో 3 శాతం. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ చూపించినది దీనికి తోడు. మన బిడ్డ చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు ఎక్కువ. అలాంటి ఒంటికి మూడుపూటలా తెల్లన్నం, కూర్చునే పని కలిస్తే చక్కెర జబ్బు వస్తుంది. 1983లో ఇటు రెండు రూపాయల బియ్యం, 2013లో అటు అన్నభాగ్య వచ్చి ఆకలిని తరిమాయి. దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. కాని జొన్న రొట్టె స్థానంలో బియ్యం ఒక్కటే నిలిచింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారు.

చిన్ననాటి తిండి దీన్ని మార్చగలదని కూడా మన పల్లెలే చూపించాయి. హైదరాబాదు దగ్గర 29 ఊళ్లలో 1987 నుంచి 1990 దాకా ఒక పరిశీలన జరిగింది. 15 ఊళ్లలో గర్భిణులకు, పిల్లలకు అంగన్‌వాడీ తిండి అందింది, 14 ఊళ్లకు అప్పటికింకా పథకం రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్లకు వచ్చాక చూస్తే, తిండి అందిన ఊళ్ల వాళ్లు 14 మిల్లీమీటర్లు పొడవు, వాళ్లలో ఇన్సులిన్ నిరోధం తక్కువ, రక్తనాళాలు మెత్తన. అంగన్‌వాడీ అమ్మ గరిటెతో పెట్టిన ఆ కాస్త తిండి పదిహేనేళ్ల తర్వాత ధమనిలో కనిపించింది.

ఇన్సులిన్ దగ్గరే జీవక్రియ శాస్త్రం, కేన్సర్ శాస్త్రం మళ్లీ కలిశాయి. ఇన్సులిన్ కణానికి ‘పెరుగు’ అని చెప్పే దారుల్లో పీఐ3కే ఒకటి. చాలా కేన్సర్లు ఆ దారినే వాడుకుంటాయి. దాన్ని మూసే మందులిస్తే రక్తంలో చక్కెర పెరిగి, ఒళ్లు ఇంకా ఇన్సులిన్ పోస్తుంది, మందు పని చెడుతుంది. లూయిస్ కాంట్లీ బృందం 2018లో ఎలుకల్లో పిండిపదార్థం బాగా తగ్గించిన తిండితో ఆ ఇన్సులిన్‌ను అణిచి, మందు బలాన్ని పెంచింది. మనుషులకు దీన్ని అలాగే వర్తింపజేయకూడదు. ఆ తిండి ఒక్కటే పెట్టినప్పుడు కొన్ని రకాల రక్తకేన్సర్ ఎలుకల్లో జబ్బు ముదిరింది కూడా. ఫార్బర్ పిల్లల దగ్గర చూసిన పాఠమే ఇక్కడా వచ్చింది.

బళ్లారి సరిహద్దుకు ఇప్పుడు కావలసింది మైసూరులా, హైదరాబాదు పల్లెల్లా తరాల పరిశీలన. సిరుగుప్ప కాలువ కింద ఒక ఊరు, ఆలూరు మెట్టలో ఒక ఊరు. ఒకే కులాలు, ఒకే మాట, ఒకరికొకరు చుట్టాలు. పుట్టిన బరువు, తినే గింజ, రక్తంలో అఫ్లాటాక్సిన్ గుర్తులు, హెపటైటిస్ బీ, ఇన్సులిన్, ఈ అయిదూ ఒకే పుస్తకంలో ముప్పై ఏళ్లు రాస్తే మాధవన్ ఎలుకల దగ్గర ఆగిపోయిన ప్రశ్నకు మనుషుల దగ్గర జవాబు దొరుకుతుంది. బళ్లారిలో 1961 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, హైదరాబాదులో పోషకాహార సంస్థ ఉంది. రాష్ట్రాలు రెండైనా పరిశీలన ఒకటిగా సాగాలి.