అంకె అబద్ధమాడిన నాడు

ఆరోగ్య విషయాలు చర్చించే చోట కంప్యూటర్ల ఊసెందుకని మీరు సందేహించవచ్చు. ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌పై ఆధారపడిన వృద్ధునికీ, ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకొంటున్న రోగికీ విద్యుత్తు కూడా ఔషధమే. ఆ ఔషధం తయారయ్యే చోట పొంచి ఉన్న ప్రమాదం గురించి మనం తెలుసుకొనడం అవసరం.

భూపాలపల్లి సమీపంలోని చెల్పూర్‌లో కాకతీయ తాపవిద్యుత్ కేంద్రం ఉంది. 500 మెగావాట్ల తొలి యూనిట్ 2010లోనూ, 600 మెగావాట్ల రెండవ యూనిట్ 2016లోనూ వినియోగంలోకి వచ్చాయి. ఇటువంటి ఆధునిక కేంద్రాలలో బాయిలర్ పీడనాన్నీ, టర్బైన్ వేగాన్నీ సెన్సర్లు కొలుస్తాయి. కంట్రోలర్లనే చిన్న కంప్యూటర్లు ఆ కొలతలను బట్టి వాల్వులను తెరుస్తాయి, మూస్తాయి. కంట్రోల్ రూములోని ఉద్యోగి ప్రధానంగా తెరపై అంకెలనే నమ్ముకొని పనిచేస్తాడు.

ఆ అంకె అబద్ధమైతే ఏమవుతుంది? చెల్పూర్‌లో తొలి యూనిట్ మొదలైన 2010లోనే ప్రపంచం ఈ ప్రశ్నను ఎదుర్కొంది. ఆ ఏడాది బయటపడిన స్టక్స్‌నెట్ అనే ప్రోగ్రాము పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా వ్యాపించగలిగేది. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో అది కంట్రోలర్లను వశపరచుకొని సెంట్రిఫ్యూజుల వేగాన్ని మార్చివేసింది. అంతకుముందే నమోదు చేసుకొన్న సాధారణ కొలతలను సిబ్బందికి చూపింది. ఒళ్లు జ్వరంతో కాలిపోతుండగా థర్మామీటరు మాత్రం 98.4 చూపినట్లన్నమాట.

రెండవ పాఠం ఉక్రెయిన్‌ది. 2015 డిసెంబరు 23న హ్యాకర్లు అక్కడి పంపిణీ సంస్థల వ్యవస్థలలో చొరబడి, దాదాపు 2,25,000 మంది వినియోగదారులకు సరఫరా నిలిపివేశారు. అంతటితో ఆగలేదు. సబ్‌స్టేషన్లలోని కొన్ని పరికరాల ఫర్మ్‌వేర్‌ను, అంటే చిప్‌లో నిక్షిప్తమైన మూల ఆదేశాలను, పాడుచేశారు. దూరం నుంచి ఆదేశాలు పంపే దారి మూసుకుపోయింది. అయినా కొన్ని గంటల్లోనే విద్యుత్తు తిరిగి వచ్చింది. సిబ్బంది స్వయంగా సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేతితో వేయడమే అందుకు కారణం. వారు పాత విద్యను మరచిపోలేదు.

మన దేశమూ మేల్కొంది. దిగుమతి చేసుకొనే విద్యుత్ పరికరాలలోనూ, వాటి విడిభాగాలలోనూ హానికర ప్రోగ్రాములేవైనా దాగి ఉన్నాయేమో ఇక్కడ పరీక్షించి తీరాలని కేంద్ర విద్యుత్ శాఖ 2020 జూలై 2న ఆదేశించింది. 2021 మార్చిలో సెర్ట్-ఇన్ సంస్థ తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కోలను చొరబాటు యత్నాల గురించి హెచ్చరించగా, అనుమానాస్పద చిరునామాలను అడ్డుకొని పాస్‌వర్డులను మార్చారు.

ఈ రక్షణలను గమనిస్తే మన వైద్యసూత్రాలే కనిపిస్తాయి. కొత్త పరికరాన్ని పరీక్షించాకే లోనికి అనుమతించడం క్వారంటైన్ వంటిది. కంట్రోలర్ల నెట్‌వర్క్‌ను కార్యాలయ కంప్యూటర్ల నుంచి వేరుచేయడం ఐసొలేషన్ వార్డు వంటిది. తయారీదారు డిజిటల్ సంతకం లేని ఫర్మ్‌వేర్‌ను చిప్ తిరస్కరించడం, సీలు లేని మందును మనం తిరస్కరించడం వంటిది. వీటన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. మానిటర్‌లో అంకె బాగానే ఉన్నా రోగి పెదవులు నీలిబారితే, వైద్యుడు రోగినే నమ్మాలి. అలాగే కంప్యూటర్‌తో సంబంధం లేని మరో కొలమానమూ, చేతితో నడపగల నేర్పూ ప్రతి కేంద్రంలోనూ నిలిచి ఉండాలి.

ఈ సూత్రం మీ ఇంటికీ వర్తిస్తుంది. కాన్సంట్రేటర్ వాడే రోగి ఉన్న ఇంట, వైద్యుని సలహాతో నిండు సిలిండరు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. దాన్ని అమర్చడం కనీసం ఇద్దరికి నేర్పండి. కరెంటు ఎందుకు పోయిందో తరువాత విచారించవచ్చు; ఊపిరి మాత్రం అంతవరకు ఆగదు.