శస్త్రచికిత్స అనంతర సెప్సిస్, వైద్య నిర్లక్ష్యం: చరిత్ర

ఆపరేషన్ తర్వాత సోకిన ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడంతో మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, గుండె వంటి అవయవాలు దెబ్బతినే ప్రాణాపాయ స్థితి శస్త్రచికిత్స అనంతర సెప్సిస్. కోత పెట్టిన చోట చీము పట్టినా, కుట్టిన పేగు ఊడి కడుపులోకి కారినా, మూత్రనాళంలో అమర్చిన గొట్టం ద్వారా క్రిములు చేరినా ఇది మొదలు కావచ్చు. 19వ శతాబ్ది మధ్య వరకు దీన్ని ఆపరేషన్‌తో వచ్చే తప్పని ప్రమాదంగానే చూశారు. కారణం తెలిసి నివారణ సాధ్యమయ్యాకే ‘ఎవరిది బాధ్యత?’ అన్న ప్రశ్నకు చోటు దొరికింది.

క్రిమి సిద్ధాంతానికి ముందు

గాయపడిన రోగి ఉండే గదికి ఆవాలు, వేపాకు వంటి వాటితో ధూపం వేయాలని సుశ్రుత సంహిత చెప్పింది. ఐరోపాలో మాత్రం గాయానికి చీము పట్టడం మానడంలో భాగమేనన్న నమ్మకం చాలాకాలం నిలిచింది. 1846లో బోస్టన్‌లో ఈథర్ మత్తు ప్రయోగం విజయవంతమయ్యాక ఆపరేషన్లు పెరిగాయి, వాటితోపాటు ఇన్ఫెక్షన్లూ పెరిగాయి.

1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమెల్‌వైస్ అనే వైద్యుడు శవపరీక్షల నుంచి నేరుగా కాన్పులకు వచ్చే వైద్యుల చేత క్లోరిన్ కలిసిన సున్నపు నీటితో చేతులు కడిగించగా బాలింతల మరణాలు బాగా తగ్గాయి. కానీ తమ చేతులే రోగాన్ని మోస్తున్నాయన్న మాట చాలామంది వైద్యులకు రుచించలేదు. 1869లో స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ అవయవాలు తొలగించే ఆపరేషన్ల లెక్కలు సేకరించారు. పెద్ద ఆసుపత్రుల్లో నూటికి 41 మంది, పల్లె వైద్యుల చేతిలో నూటికి 11 మంది చనిపోయినట్లు తేలింది.

లిస్టర్, ఆ తర్వాత

కుళ్లడానికి క్రిములే కారణమని చూపిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ పరిశోధనలు చదివిన సర్జన్ జోసెఫ్ లిస్టర్ 1865లో గ్లాస్గోలో ఎముక విరిగి బయటపడిన గాయానికి క్రిముల్ని చంపే కార్బాలిక్ ఆమ్లంతో కట్టు కట్టారు. ఫలితాలను 1867లో ‘లాన్సెట్’లో ప్రకటించారు. అవయవ తొలగింపుల్లో మరణాలు ఆయన వార్డుల్లో 46 శాతం నుంచి 15 శాతానికి దిగాయి. 1880లలో బెర్లిన్‌లో సర్జన్ ఎర్న్‌స్ట్ ఫాన్ బెర్గ్‌మన్ ఆవిరితో పరికరాలను శుద్ధి చేసే పద్ధతిని ప్రవేశపెట్టారు. క్రిముల్ని గాయంలో చంపడం కన్నా థియేటర్‌లోకే రానివ్వకపోవడం మేలన్న ఆలోచన దీంతో స్థిరపడింది.

సల్ఫా మందులు 1935 నుంచి, పెనిసిలిన్ 1940ల నుంచి చికిత్సకు తోడయ్యాయి. కోతకు ముందే శరీరంలో యాంటీబయాటిక్ ఉంటే ఇన్ఫెక్షన్ బాగా తగ్గుతుందని 1961లో సర్జన్ జాన్ బర్క్ జంతువులపై ప్రయోగాలతో చూపారు. సెప్సిస్‌కు ఉమ్మడి నిర్వచనం 1991లో వచ్చింది, 2016లో దాన్ని సవరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ భద్రతా జాబితాను విడుదల చేసింది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని అమలు చేయగా మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి తగ్గాయి.

చట్టం దృష్టిలో

ఇన్ఫెక్షన్ సోకినంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా కొందరికి సోకుతుంది. బాధ్యతాయుతమైన వైద్యులు సమ్మతించే పద్ధతిని పాటించిన డాక్టరును తప్పు పట్టరాదని 1957లో ఇంగ్లండ్ న్యాయస్థానం బోలమ్ కేసులో చెప్పింది. భారతీయ న్యాయస్థానాలూ ఆ కొలమానాన్నే తీసుకున్నాయి. రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నేరంగా పరిగణించాలంటే తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో స్పష్టం చేసింది.

సెప్సిస్‌కు నేరుగా సంబంధించిన తీర్పు 1996లో వచ్చింది. 1963లో ఔరంగాబాద్ ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న బాలింత కడుపులో గుడ్డ వదిలేశారు. చీము పట్టి ఆమె మరణించారు. లోపల గుడ్డ దొరకడమే నిర్లక్ష్యానికి తగిన రుజువని, ప్రభుత్వం పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అన్ని కేసుల్లోనూ రుజువు ఇంత సూటిగా దొరకదు. జ్వరం, నాడి, రక్తపోటు ఎప్పుడు మారాయి, రక్తపరీక్ష ఎప్పుడు పంపారు, యాంటీబయాటిక్ ఎన్ని గంటలకు ఇచ్చారు, సర్జన్‌ను ఎప్పుడు పిలిచారు అన్నవి కేస్‌షీట్‌లో వెతకాల్సి వస్తుంది. ఇన్ఫెక్షన్ రావడం కన్నా, దాన్ని గుర్తించడంలో జాప్యమే చాలా వివాదాలకు కేంద్రం.

కుటుంబ నియంత్రణ శిబిరాలు

ఒకే రోజు ఎక్కువమందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే శిబిరాల్లో పరికరాల శుద్ధికి తగినంత సమయం చిక్కకపోవచ్చు. శిబిరాల పద్ధతిని మూడేళ్లలో నిలిపివేసేలా చూడాలని 2016లో సుప్రీంకోర్టు కేంద్రానికి సూచించింది. అయినా 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు ఈ ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు ఇన్ఫెక్షన్‌తో మరణించగా మిగిలినవారిని పరిశీలన, చికిత్సల కోసం హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించారు. క్రిమి నియంత్రణలో లోపాలు బయటపడటంతో ప్రభుత్వం బాధ్యులపై చర్యలు తీసుకుంది. ఒక్క సర్జన్ నైపుణ్యం చాలదని, పరికరాల శుద్ధి, సిబ్బంది సంఖ్య, రోజుకు చేసే ఆపరేషన్ల పరిమితి అన్నీ ఆసుపత్రి బాధ్యతలోనివేనని ఈ ఘటన చూపింది.