సముద్రం పాలైన డనిచ్ చర్చి

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపమని కార్యదర్శిగారు కార్డు రాశారు. సర్వీసు అనుభవాలు మిత్రులు చాలామంది రాస్తున్నారు కనుక, నేను మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్ళినపుడు చూసిన ఒక ఊరి సంగతి రాస్తాను. చూసినది అనటం కూడా సబబు కాదు. ఆ ఊరు చాలావరకు సముద్రం అడుగున ఉన్నది.

ఆ ఊరి పేరు ఇంగ్లీషులో చదివితే డన్‌విచ్ అని ఉంటుంది గాని, అక్కడివాళ్ళు డనిచ్ అంటారు. ఇంగ్లండు తూర్పు తీరాన సఫోక్ జిల్లాలో ఉన్నది. నేడు అక్కడ కొద్దిపాటి ఇళ్ళు, ఒక చర్చి, చిన్న మ్యూజియం, సముద్రపు ఒడ్డున చేపల వంటకం అమ్మే హోటలు తప్ప మరేమీ లేవు. పదమూడో శతాబ్దంలో మాత్రం అది పెద్ద రేవు పట్టణం. ఉన్ని ఎగుమతి, సారాయి దిగుమతి, చేపల వేట, ఓడల నిర్మాణం జోరుగా సాగేవి.

రెవెన్యూ శాఖలో పనిచేసినవాడిని కనుక ముందుగా నా దృష్టి రికార్డు మీదకే పోయింది. ఇంగ్లండును జయించిన విలియం రాజు 1086లో దేశమంతటా భూముల లెక్క తీయించాడు. మన జమాబందీ వంటిదే అనుకోండి. డూమ్స్‌డే పుస్తకం అంటారు దాన్ని. అందులో డనిచ్ పద్దు ఇలా ఉన్నది: లోగడ చర్చి ఒకటి, ఇప్పుడు మూడు, లోగడ పట్టణ హక్కుదారులు 120 మంది, ఇప్పుడు 236 మంది, రాబడి 10 పౌనుల నుంచి 50 పౌనులకు పెరిగింది, దానిపైన 68,000 హెర్రింగు చేపలు. ఇంతవరకు ఏ తాసిల్దారైనా సంతోషించే పద్దే. అయితే సాగుభూమి దగ్గర, లోగడ రెండు నాగళ్ళ భూమి, ఇప్పుడు ఒకటే, రెండోది సముద్రం తీసుకుపోయింది అని రాశారు. ఊరు పెరుగుతున్న రోజుల్లోనే కోత కూడా మొదలైందన్నమాట. అది రాసిన గుమాస్తా ఎవరో గాని, ఉన్నది ఉన్నట్టు రాశాడు.

ఆ ఊరు మెత్తని ఇసుక, గులకరాళ్ళ గట్టు మీద ఉన్నది. అలలు గట్టు అడుగును తొలుస్తాయి, పైనున్న మన్ను విరిగిపడుతుంది. ఉత్తరం నుంచి కొట్టుకువచ్చే గులక రేవు ముఖద్వారాన్ని పూడుస్తూ ఉంటుంది. 1286 ఆఖరున, 1287లో వచ్చిన తుఫానులు ఊళ్ళో చాలా భాగాన్ని ముంచాయి. గ్రేఫ్రయర్స్ అనే సన్యాసులు ఆ తరువాత 1290లో తమ మఠాన్ని లోపలికి మార్చుకున్నారు. దాని గోడలు గట్టు మీద ఇప్పటికీ ఉన్నాయి. 1328 జనవరి తుఫానుకు రేవు ముఖద్వారమే మూసుకుపోయింది. ఏరు ఉత్తరంగా మరోచోట, వాల్బర్స్‌విక్ దగ్గర, దారి చేసుకున్నది. పొరుగూరివాళ్ళకు రేవు దొరికింది, వీళ్ళకు వ్యాజ్యాలు మిగిలాయి. ఆ శతాబ్దంలోనే 400కు పైగా ఇళ్ళు సముద్రంలో కలిశాయి. మిగిలినవారు రాజుగారికి అర్జీ మీద అర్జీ పెట్టుకున్నారు, ఊరు లేదు, పన్ను తగ్గించండి అని. తగ్గించారు కూడా.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినపుడు గోదావరి లంకల నుంచి ఒక ముసలాయన ఏటా కార్యాలయానికి వచ్చేవాడు. ఆయన ఎకరంన్నర ఏటికోతకు పోయింది, కాని పట్టా ఉన్నది, శిస్తు డిమాండూ ఉన్నది. "బాబూ, నీళ్ళ మీద శిస్తు ఏవిటి?" అనేవాడు. రికార్డులో భూమి ఉన్నది తాతా అని నేనే సమాధానం చెప్పేవాణ్ణి. రెమిషన్ ఉత్తర్వు వచ్చేనాటికి ఆయన లేడు. కొడుకు వచ్చి సంతకం పెట్టి తీసుకున్నాడు. డనిచ్ అర్జీల సంగతి మ్యూజియంలో చదువుతుంటే ఆయనే కళ్ళముందు మెదిలాడు.

సరే, చర్చి సంగతికి వస్తాను. పారిష్ చర్చి అంటే ఒక పేటకంతటికీ ఒక చర్చి. ఆ పేటవాళ్ళ నామకరణం, పెళ్ళి, చివరకు సమాధి, అన్నీ అక్కడే. డనిచ్‌లో అటువంటివి అరడజనుకు పైగా ఉండేవి. సెయింట్ లెనార్డ్, సెయింట్ మార్టిన్, సెయింట్ నికొలస్ ఒకదాని వెనుక ఒకటి పోయాయి. సంత చౌకు దగ్గరున్న సెయింట్ జాన్ చర్చిని 1540ల ప్రాంతంలో జనమే విప్పి, సామాను అమ్ముకున్నారు, ఎలాగూ సముద్రం పట్టుకుపోతుందని. 1700 దాటిన కొత్తలో సెయింట్ పీటర్ వంతు వచ్చింది. ఇక మిగిలింది ఆల్ సెయింట్స్ ఒక్కటే. ఒకప్పుడు అది ఊరికి పడమటి అంచున, సముద్రానికి దూరంగా ఉండేది.

1750లలో అక్కడ ప్రార్థనలు ఆగిపోయాయి. మరమ్మతుకు డబ్బు లేదు, జనం లేరు. అయినా 1820ల దాకా చనిపోయినవారిని ఆ ఆవరణలోనే పూడ్చారు. తాతముత్తాతల పక్కన చోటు కావాలని ఎవరికుండదు? 1832లో లోపలి భాగాన కొత్తగా సెయింట్ జేమ్స్ చర్చి కట్టారు. విడ్డూరమేమంటే, అదే 1832 దాకా ఈ మునిగిన ఊరు పార్లమెంటుకు ఇద్దరు సభ్యులను పంపింది! ఇళ్ళు పోయినా సీట్లు పోలేదు. ఆ ఏటి సంస్కరణ చట్టంతో అవి కూడా పోయాయి.

పాడుబడ్డ ఆల్ సెయింట్స్ అంచుకు 1904లో సముద్రం చేరింది. తూర్పు కొస మొదలుకొని ఏడాదికి కొంత చొప్పున విరిగిపడుతూ, 1919లో గంటస్తంభం పడిపోయింది. అప్పటికి ఫొటోలు వచ్చేశాయి కనుక ఒక్కొక్క ఏడూ ఎంత పోయిందో వరసగా చూడవచ్చు. మా ఆవిడ ఆ ఫొటోల ముందు చాలాసేపు నిలబడింది. చర్చి పోయాక సమాధుల వంతు. గట్టు విరిగినప్పుడల్లా ఎముకలు బయటపడి కింద ఇసుక మీద కనిపించేవట. ఆ మాట అమ్మాయి చదివి చెప్పగానే మా ఆవిడ, ఏరుకున్న రెండు గులకరాళ్ళు సంచిలోంచి తీసి ఒడ్డునే వదిలేసింది.

ఈ ఊరి చరిత్రను శ్రద్ధగా రాసినవాడు థామస్ గార్డ్‌నర్. పక్కనున్న సౌత్‌వోల్డ్ రేవులో ఉప్పు పన్ను ఉద్యోగి. అంటే మనవాడే! కళ్ళముందు పోతున్నవాటిని, పాత కాగితాల్లో దొరికినవాటిని కూర్చి 1754లో పుస్తకం అచ్చు వేశాడు. అంతకు ముందు 1587లో రాల్ఫ్ అగస్ అనే సర్వేయరు పట్టణం పటం గీశాడు. 2008 నుంచి సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు డేవిడ్ సియర్ బృందం ధ్వని తరంగాల యంత్రాలతో సముద్రపు అడుగును సర్వే చేసింది. అక్కడ నీళ్ళు బురదమయం, గజఈతగాళ్ళకు చెయ్యి కూడా కనపడదట. వారు అగస్ పటాన్ని కొత్త సర్వేతో సరిపోల్చి, సెయింట్ పీటర్, సెయింట్ నికొలస్ చర్చిల రాళ్ళ జాడలు పట్టుకోగలిగారు. నాలుగు వందల ఏళ్ళనాటి సర్వే పటం ఇంతకాలానికి పనికొచ్చిందంటే, గొలుసు పట్టుకుని ఎండలో తిరిగిన మన సర్వే మిత్రులు కాస్త గర్వపడవచ్చు.

తుఫాను రాత్రుల్లో నీటి కింద నుంచి చర్చి గంటలు వినపడతాయని అక్కడ ఒక నానుడి. గంటలు అంతకుముందే దించి ఉంటారు గదా అని నా అనుమానం. అడిగితే అమ్మాయి నవ్వింది.

ఆల్ సెయింట్స్‌లో ఒక్క ముక్క మాత్రం దక్కింది. గంటస్తంభానికి ఆనించి కట్టిన ఊతగోడను 1923 ప్రాంతంలో విప్పి తెచ్చి, సెయింట్ జేమ్స్ ఆవరణలో తిరిగి నిలబెట్టారు. మేము వెళ్ళేసరికి సన్నగా చినుకు పడుతోంది. చెకుముకి రాళ్ళతో కట్టిన గోడ, పచ్చికలో ఒంటరిగా నిలబడి ఉన్నది. మా ఆవిడ దాన్ని చేత్తో తడిమి, "ఇది ఏ పక్క ఆనించి ఉండేదండీ?" అని అడిగింది. చుట్టూ తిరిగి చూశాను. నాకు అంతుపట్టలేదు. ఇంతలో అమ్మాయి కారు హారన్ కొట్టింది.