మన కోలారు సీమలో పత్రికలు – పరిశోధన

ఉగాది పచ్చడి పంచుకొనిన తరువాత మన సంఘంవారు ఏటేటా ఒక సంచికను మన చేతిలో పెట్టుచున్నారు. ఇంటికి పోయి, నాలుగు పుటలు తిరుగవేసి, మన పిల్లల పేర్లు, ఫొటోలు చూచుకొని అలమారపై పెట్టుదుము. మరుసటి ఉగాదికి అది ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు. ఎవరినీ తప్పుపట్టుటకు ఈ మాట అనుట లేదు; మేమును ఆ కోవలోనివారమే. అయితే ఇటువంటి కాగితములనే వెదకి, దుమ్ము దులిపి చదివి, వాటినుండి ప్రజల చరిత్రను వ్రాయు విద్య ఒకటి విశ్వవిద్యాలయములలో ఉన్నది. మేము రైల్వే గుమాస్తాలము, మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించినవారము. ఆ విద్యలో పండితులము కాము. కాని ఆ విద్యకు మన కోలారు జిల్లాతోను, బంగారు గనులతోను గల సంబంధము మనవారికి తెలియవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా ఉగాది సంచికల మాట. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో వ్యాపారము చేసుకొనుచు, 1908లో అక్కడనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించినారు. 1910 మొదలు సంవత్సరాది సంచికలను వెలువరించినారు. 1914లో పత్రిక మద్రాసుకు తరలి దినపత్రిక అయినది. అనగా మనవలె పరసీమలో బ్రతుకుతెరువు వెదకుకొన్న తెలుగువాని చేతిమీదుగనే ఆ గొప్ప పత్రిక పుట్టినది. అంతకు పూర్వము 1835లో బళ్లారినుండి వెలువడిన సత్యదూతను తొలి తెలుగు పత్రికగా పలువురు పరిశోధకులు చెప్పుదురు. 1843లో మంగళూరులో పుట్టిన తొలి కన్నడ పత్రికయు మరుసటి ఏడు బళ్లారికే తరలి అచ్చయినది. తెలుగు కన్నడములు ఇరుగుపొరుగుగా బ్రతికిన సీమలలోనే పత్రికలకు తొలి ఊపిరి అందినదని దీనినిబట్టి తెలియుచున్నది.

పత్రికారచనను కళాశాలలలో నేర్పుట మన దేశమున ఆలస్యముగనే మొదలైనది. మైసూరు మహారాజా కళాశాలలో 1951లోను, హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయములో 1954లోను ఆ శాఖలు ఏర్పడినవి. మైసూరులో ఆ శాస్త్రమును బోధించిన నాడిగ కృష్ణమూర్తిగారు 1966లో భారతీయ పత్రికారచనపై ఇంగ్లీషున ఒక పెద్ద గ్రంథము వెలువరించినారు. అది అశోకుని కాలమునుండి నెహ్రూగారి కాలమువరకు సాగును. రాజు రాతిపై చెక్కించిన శాసనము కూడ ప్రజలకు అందిన వార్తయే గదా!

అయితే బడిలో చదువు రాకముందే మన జిల్లావారు ఒకరు ఈ శాస్త్రమును గూర్చి ఆలోచించినారు. వారు ముళబాగిలులో 1887లో జన్మించిన డి. వి. గుండప్పగారు. వారు మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. కొంతకాలము ఊరిలో బదిలీ ఉపాధ్యాయులుగా ఉండి, పిదప మన గనుల ప్రాంతమున ఒక సోడా కర్మాగారములో పనిచేసినారు. అక్కడినుండి బెంగుళూరు చేరి పత్రికలలో ప్రవేశించినారు. 1908లో, దివాన్ వి. పి. మాధవరావుగారి కాలమున, మైసూరు సంస్థానములో పత్రికలను అదుపుచేయు శాసనము వచ్చినది. అటువంటి రోజులలో కలము పట్టి, 1913లో కర్ణాటక అను ఇంగ్లీషు పత్రికను స్థాపించినారు. 1928లో బాగలకోటెలో జరిగిన కర్ణాటక పత్రికాకర్తల సమావేశమునకు అధ్యక్షత వహించినారు. పత్రిక ధర్మమేమి, దాని పని యేమి అను విషయముపై వృత్తపత్రిక అను గ్రంథమును కన్నడమున వ్రాసినారు. మెట్రిక్యులేషన్ గట్టెక్కని ఆ పెద్దకు మైసూరు విశ్వవిద్యాలయము 1961లో గౌరవ డాక్టరేటు ఇచ్చినది. మావంటివారికి ఇది ఎంత ధైర్యము!

ఇక గనుల మాట. 1880లనుండి జాన్ టెయిలర్ కంపెనీవారు ఇక్కడ తవ్వకము సాగించగా, తమిళ తెలుగు జిల్లాలనుండి కూలిజనము తరలివచ్చినారు. 1894లో నేటి బంగారుపేట అయిన బౌరింగ్‌పేటనుండి గనులకు రైలు పడినది. ఆ కాలమున మద్రాసులో పండిత అయోత్తిదాసర్ అను సిద్ధవైద్యులు ఉండిరి. బౌద్ధమే తమ పూర్వుల మతమని, అంటరానితనము తరువాత మోపబడినదని వారి వాదము. 1907లో ఒక పైసా వెలతో ఒరు పైసా తమిళన్ అను వారపత్రికను స్థాపించినారు. మరుసటి ఏడు దాని పేరు తమిళన్ అయినది. వారి బౌద్ధ సంఘమునకు మారికుప్పములోను, ఛాంపియన్ రీఫ్స్‌లోను శాఖలు వెలసినవి. 1914లో వారు గతించినారు. కొంతకాలమునకు పత్రిక ఆగినది. దానిని 1926లో తిరిగి లేపినది మద్రాసు నగరము కాదు, మన బంగారు గనులే! జి. అప్పాదురై గారు సంపాదకులై ఇక్కడినుండి దానిని నడిపినారు. పగలు పాతాళములో రాతిని తొలిచినవారు రాత్రి దీపము ముందు దానిని చదువుకొన్నారు.

పాత ప్రతులను ఆ ఉద్యమ కుటుంబములవారు, అభిమానులు పారవేయక దాచినారు. ఆ దాచినదే ఫలించినది. జి. అలాయ్‌సియస్ అను సమాజశాస్త్రవేత్త ఆ ఉద్యమముపై 1998లో ఇంగ్లీషున గ్రంథము ప్రకటించినారు. 1999లో పత్రికలోని అయోత్తిదాసర్ రచనలను సంపుటములుగా తెచ్చినారు. అంతవరకు బౌద్ధ పునరుద్ధరణ అనగానే 1956లో అంబేద్కర్‌గారి దీక్షయే చాలమందికి తోచెడిది. అంతకు అర్ధశతాబ్దము ముందే గని కార్మికులు ఆ మాట మాట్లాడినారని లోకము తెలుసుకొన్నది. ఒక పైసా కాగితము చేసిన పని అది.

పరిశోధకులు ఇటువంటి కాగితమును ఎట్లు చదువుదురు? అమెరికా పండితుడు హెరాల్డ్ లాస్వెల్ 1948లో ఒక సూత్రము చెప్పినాడు: ఎవరు చెప్పినారు, ఏమి చెప్పినారు, ఏ మార్గమున చెప్పినారు, ఎవరికి చెప్పినారు, దానివలన ఏమి జరిగినది? మాకిది చదువగానే పార్శిలు ఆఫీసులోని వే బిల్లు గుర్తు వచ్చినది. పంపినవారెవరు, సరకేమి, ఏ స్టేషను మీదుగా, ఎవరికి, చేరినదా లేదా అనియే గదా మేమును చూచుట! బిల్లు పోయిన పార్శిలు ఎవరిదో తేల్చుట ఎంత కష్టమో, తేది, ఊరు, ముద్రాలయము పేరు లేని కాగితముతో చరిత్ర వ్రాయుటయు అంత కష్టము. 1867 నాటి చట్టము ముద్రాపకుని పేరు, స్థలము అచ్చు వేయవలెనని విధించినందున పరిశోధకులకు ఎంతో మేలు జరిగినది. పుట అడుగున చిన్న అక్షరములలో ఉండు ఆ ఒక్క పంక్తినే వారు మొదట చూతురట.

ఇప్పుడు మా తప్పును చెప్పుకొనవలెను. మా తాతగారు చిత్తూరు వైపునుండి వచ్చి గనిలో దిగినవారు. వారికొక ఇనుప పెట్టె ఉండెడిది. అందులో లైన్లలో ఆడిన తెలుగు నాటకముల కరపత్రములు, భజనమండలి చందా రసీదులు, పెండ్లి పత్రికలు, ఉగాది సంచికలు నిండుగా ఉండెడివి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. తరువాత కొన్నాళ్లకు మేము ఇల్లు మారితిమి. అప్పుడు మేము హైస్కూలు పిల్లలము. పెట్టె బరువుగా ఉన్నదని, లోపలివన్నీ తూకమునకు అమ్మి, ఆ డబ్బుతో క్రికెట్ బంతి కొన్నాము. మా అవ్వ గడపలో కూర్చుండి, “ఒరే అబ్బయ్యా, అవి మీ తాత దాచుకున్నవిరా” అన్నది. మేము వినలేదు.

చాలా ఏండ్లకు, గనులలో తెలుగు నాటకములపై వ్యాసము వ్రాయదలచిన ఒక విద్యార్థి మా వద్దకు వచ్చినాడు. “అన్నా, ఒక్క కరపత్రమైనా ఉందా?” అని అడిగినాడు. మావద్ద ఆ పెట్టె మాత్రము ఉన్నది. అందులో బియ్యము పోసుకొనుచున్నాము. తాతగారు వేషము కట్టెడివారని నోటితో చెప్పితిమి గాని, ఏ నాటకము, ఏ సంవత్సరము అని అడిగితే బదులు లేకపోయినది. తమిళ సోదరుల ఇండ్లలో ఒక పైసా పత్రిక నిలిచినది. మా యింట తెలుగు కాగితము నిలువలేదు. వారికి చరిత్ర ఉన్నది, మాకు లేదని కాదు. వారు దాచినారు, మేము అమ్మినాము.

దాచుటకు గొప్ప భవనములు అక్కరలేదు. చీరాల దగ్గర వేటపాలెమను పల్లెలో 1918లో వెలసిన సారస్వత నికేతనము చూడుడు. అక్కడ పాత పత్రికల కట్టలను భద్రపరచినందున దూరప్రాంతముల పరిశోధకులు వెదకుకొని వచ్చుచున్నారు. పల్లెటూరు చేయగలిగినది మన సంఘము చేయలేదా?

కావున సోదర సోదరీమణులకు మా విన్నపము. ఇంట పాత పెండ్లి పత్రిక, కరపత్రము, సంఘము రసీదు, ఏ సంచికయైనను కనబడినచో తూకమునకు వేయకుడు. ఫొటో వెనుక పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. అవ్వతాతలు ఉన్నప్పుడే అడిగి వ్రాయుడు. తరువాత అడుగుటకు ఎవరూ ఉండరు. ప్రతి ఉగాది సంచికలోను రెండు ప్రతులను సంఘము బీరువాలో ఉంచి, ఒకటి గ్రంథాలయమునకు ఇచ్చినచో మరింత మేలు. ఇది మొదటిదిగా ఈ సంచికకే చేయుదము. మా వంతు ప్రతిని ఈసారి ఆ ఇనుప పెట్టెలోనే పెట్టదలచినాము. బియ్యమునకు వేరే డబ్బా కొన్నాము.