దోర, ఎరుపు, నలుపు

మలయాలో రబ్బరు కంటే ముందే సెలంగూర్, పేరాక్ ప్రాంతాల్లో లైబీరికా కాఫీ తోటలుండేవి. 1890ల చివర బ్రెజిల్ పంట మార్కెట్టును ముంచెత్తడంతో ధరలు పడిపోయి, దొరలు రబ్బరుకు మళ్లారు. మన తాతలు ఎక్కువగా రబ్బరు, కొబ్బరి తోటల్లోనే చెమటోడ్చారు. కాఫీ మాత్రం ఈ దేశపు అలవాటుగా నిలిచిపోయింది.

గింజ ఒకటే అయినా వేపుడును బట్టి రుచి మారుతుంది. సుమారు 200 డిగ్రీల వేడికి గింజ మొదటిసారి చిటపటలాడుతుంది. కాసేపట్లో దింపితే దోర వేపుడు. పులుపు, పండు వాసన దక్కుతాయి. ఇంకొంచెం వేగితే ఎరుపు. పులుపు తగ్గి కమ్మదనం వస్తుంది. రెండవసారి చిటపటలాడాక నలుపు. నూనె పైకి తేలి, చేదు ముందుకొస్తుంది.

ఇక్కడి కొపి ఓ గింజలను చక్కెర, మార్జరిన్‌లతో నల్లగా వేయిస్తారు. ఆ నలుపులో మాడిన చక్కెర పాలు కూడా ఉంది. ఇపో వైట్ కాఫీకి చక్కెర వేయరు, అందుకే రంగు తక్కువ. నలుపు పెరిగినంత మాత్రాన కెఫీన్ పెరగదు.

మన పిల్లలు డబ్బాల మీద లైట్, మీడియం, డార్క్ అని చదువుతున్నారు. దోరగా, ఎర్రగా, నల్లగా అన్న మాటలు మన అమ్మమ్మల వంటింట్లో ఎప్పుడో ఉన్నాయి. పిల్లలను పొయ్యి దగ్గర నిలబెట్టి ఆ మాటలతోనే చెప్పండి. కాఫీతోపాటు భాషా నిలుస్తుంది.