ఎరువు గొంతు

"తమరేం చేస్తూంటారు?" అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ కాస్త తడుముకొంటాను. "గొంతు అద్దెకిస్తానండీ" అంటే నవ్విపోతారు. ఉద్యోగమంటే ఉద్యోగం కాదు, వ్యాపారమంటే వ్యాపారం కాదు. పిలిచిన పూట వెళ్ళి, ముందు పెట్టిన కాగితం చదివి, ఇచ్చింది పుచ్చుకొని రావడమే. పెళ్ళిచూపుల్లో మా మామగారు "అబ్బాయి ఏం చేస్తాడు?" అని అడిగితే, మా నాన్నగారు "రేడియోలో మాట్లాడతాడు" అన్నారు. పాపం, మామగారు అదేదో గవర్నమెంటు ఉద్యోగమనుకొన్నారు. నెలకు మూడో నాలుగో కాంట్రాక్టులు వచ్చే క్యాజువల్ ఆర్టిస్టునని ఆయనకు తెలిసేసరికి మూడు ముళ్ళూ పడిపోయాయి.

అలాగని మా వృత్తి నిన్న మొన్నటిది కాదు సుమండీ! తోలుబొమ్మలాట చూసినవారికి తెలుస్తుంది. తెరమీద రావణాసురుడు తొడగొడతాడు, కేతిగాడు కుప్పిగంతులు వేస్తాడు, బంగారక్క సాధిస్తుంది. మాటలన్నీ తెర వెనుక దీపం పక్కన నిలబడ్డ ఇద్దరు ముగ్గురివే. తెల్లవారేసరికి ఊరందరికీ బొమ్మలు గుర్తుంటాయి, గొంతు ఇచ్చినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. మా వృత్తి ధర్మం అప్పుడే ఖాయమైపోయిందన్నమాట.

ఇంకొక తాతగారు కూడా మాకున్నాడు. ఆయన దుబాసీ. ద్విభాషి అన్న మాటే నలిగి నలిగి దుబాసీ అయింది. దొర ఇంగ్లీషులో అన్నదాన్ని రైతుకు తెలుగులో, రైతు తెలుగులో మొరపెట్టుకొన్నదాన్ని దొరకు ఇంగ్లీషులో చెప్పడం ఆయన పని. మధ్యలో ఏది కలిపాడో, ఏది మింగాడో ఇరుపక్షాలకూ తెలియదు. మైదానంలోనే ఈ గతి అయితే ఇక కొండలమీద సంగతి చెప్పాలా! సర్కారు మాట తెలుగులోకి వచ్చి, తెలుగునుంచి మళ్ళీ కొండ భాషలోకి ఎక్కాలి. అంటే రెండు గొంతులు మారాలి. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చాక పోడు చేసుకొనేవాడికి నిన్నటి అలవాటు నేడు నేరమైంది. ఆ సంగతి అతనికి అతని మాటలోనే ఎవరైనా సరిగ్గా విప్పి చెప్పారా అని నాకు సందేహమే. ఎరువు తెచ్చుకొన్న గొంతుకు బరువు తెలియదు.

తర్వాత రేడియో వచ్చింది. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ 1948లో, మా విశాఖపట్నం 1963లో మొదలయ్యాయి. మాకు అన్నం పెట్టింది ఆ విశాఖ కేంద్రమే. ఆడిషన్‌లో మనం ఒక గదిలో మైకు ముందు, వినేవారు మరొక గదిలో. మన మొహంతో వారికి పని లేదు. నెగ్గినవారికి బి, బి-హై, ఏ, టాప్ అని గ్రేడులు. నేను బి దగ్గర మొదలెట్టి చాలాకాలం అక్కడే కుదురుకొన్నాను. నాటకంలో సేవకుడు, పొలం కార్యక్రమంలో పెద్దరైతు, కుటుంబ నియంత్రణ రూపకంలో బుద్ధి వచ్చిన మొగుడు... ఇవీ నా వేషాలు. వేషమంటే గొంతుకే లెండి, ఒంటిమీద మామూలు చొక్కాయే.

సినిమావైపు చూస్తే మా వృత్తికి పెద్దపీట వేసింది డబ్బింగు. 1950లో వచ్చిన "ఆహుతి" తెలుగులో మొదటి డబ్బింగు చిత్రం. అది హిందీ "నీరా ఔర్ నందా"కు తెలుగు రూపం. దానికి మాటలు సమకూర్చినవారు విశాఖలో పుట్టిన శ్రీశ్రీగారే. మహాకవికి అదేం పని అని ఆశ్చర్యపోకండి. ఆ పనిలో ఉన్న కష్టం చేసినవారికే తెలుస్తుంది. ప, బ, మ అనాలంటే పెదవులు కలవాలి. తెరమీది మనిషి పెదవులు కలిసినచోటే మన మాటలోనూ ఆ అక్షరం పడాలి. అర్థం చెడకూడదు, మాట తెలుగులా వినిపించాలి. ఛందస్సు తెలిసినవాడికే సాధ్యమయ్యే గణితం అది.

ఆ రోజుల్లో ఫిలిమును చిన్న చిన్న ముక్కలుగా కోసి, రెండు కొసలూ అతికించి చుట్టలా తిప్పేవారు. దాన్ని లూపు అనేవారు. అదే దృశ్యం తిరిగి తిరిగి వస్తూంటుంది. ఆర్టిస్టు అదే ముక్క కుదిరేదాకా పదిసార్లయినా, పాతికసార్లయినా చెబుతూనే ఉండాలి. అలా ఏడ్చి ఏడ్చి, నవ్వి నవ్వి, బయటికి వచ్చి టీ తాగేసరికి మన ఏడుపు ఏదో పరాయి ఏడుపు ఏదో తెలిసేది కాదు. విజయనగరం జిల్లావారైన పి.జె. శర్మగారు నటుడుగా ఉంటూనే ఎందరికో గొంతు ఇచ్చారు. వారి అబ్బాయి సాయికుమార్ గొంతు రాజశేఖర్‌గారికి ఎంతగా అతికిపోయిందో మీకు నేను చెప్పక్కరలేదు. తెలుగు "గాంధీ" చిత్రంలో బెన్ కింగ్‌స్లేకు బాలసుబ్రహ్మణ్యంగారు గొంతు ఇచ్చారు. ఇవి నాలుగు పేర్లు. పేరు లేకుండా పోయినవారు ఎందరో.

ఈ పేరు లేకపోవడం గురించి మేము తెగ వాపోతూ ఉంటాం. నేనూ వాపోయినవాణ్ణే. అరకు సంతలో జరిగిన ఒక సంగతి తరువాత ఆ వాపోవడం మానేశాను. అసలు ఈ వ్యాసం ఎత్తుకొన్నది అది చెప్పడానికే.

1980ల మొదట్లో ఒక ప్రైవేటు స్టూడియో నుంచి కబురొచ్చింది. మలేరియా ప్రచారానికి టేపు చేయాలి, అరకు లోయలో జీపుకు లౌడ్ స్పీకరు కట్టి వినిపిస్తారు అన్నారు. ఏజెన్సీలో మలేరియా అంటే మామూలు జ్వరం కాదు. ఇళ్ళకు ఇళ్ళు మంచం పట్టేవి, పసిపిల్లలు రాలిపోయేవారు. అందుకని ఇళ్ళలో గోడలమీద డి.డి.టి. కొట్టేవారు. మనిషిని కుట్టిన దోమ బరువెక్కి వెళ్ళి గోడమీద వాలుతుంది. గోడమీద మందు ఉంటే చస్తుంది. కానీ కొండ ఇళ్ళవారు గోడల్ని ముచ్చటగా ఎర్రమట్టితో అలుక్కొంటారు. మందు వాసనకు, మరకకు ఒళ్ళుమండి, మనుషులు అటు వెళ్ళగానే ఇటు మళ్ళీ అలికేసేవారు. మందు మట్టికింద పడి, దోమ హాయిగా బతికేది. "మందు కొట్టిన గోడల్ని కొన్నాళ్ళు అలకవద్దు" అని చెప్పడం నా పని. అంతే! ఒక్క వాక్యం. దానిమీద కొన్ని ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

"కొండ యాసలో చెప్పండి సార్" అన్నాడు రికార్డింగు కుర్రాడు.

కొండ యాస నాకు కొట్టిన పిండి. నాటకాల్లో, సినిమాల్లో వినీ వినీ నేర్చుకొన్నదే. నాలుగు "దొరా"లు, రెండు "సామీ"లు, దీర్ఘాలు తీయడం, క్రియను విరిచేయడం. చెట్టుకింద నిలబడి ఈటె పట్టుకొన్న మనిషి ఎవడైనా తెలుగు సినిమాలో ఇలాగే మాట్లాడతాడు గదా! ఒక్క టేకులో ఓకే చేయించుకొని డెబ్బయ్యయిదు రూపాయలు జేబులో వేసుకొన్నాను. నా గొంతు కొండలెక్కుతూంటే చూడాలని సరదా పుట్టి, జీపులో చోటుందంటే ఎక్కి కూర్చున్నాను.

శృంగవరపుకోట దాటి, ఘాటు రోడ్డెక్కి, అనంతగిరి మీదుగా అరకు చేరేసరికి సంత నిండుగా ఉంది. పసుపు, పిప్పళ్ళు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు. కావళ్ళు దించుకొనేవారు దించుకొంటున్నారు, బేరాలాడేవారు ఆడుతున్నారు. జీపు ఆపి టేపు పెట్టారు. "ఓ దొరలాలా!" అంటూ నా గొంతు లోయంతా మోగింది. గర్వంగా చుట్టూ చూశాను. ఎవరూ తలెత్తలేదు. పిల్లలు మాత్రం జీపు చుట్టూ చేరి నన్ను వెక్కిరిస్తూ నవ్వుతున్నారు. మూడుసార్లు వేశారు. మూడుసార్లూ అదే తంతు.

పిప్పళ్ళు అమ్ముకొంటున్న ఒక పెద్దావిడ నావైపు చూసి, వచ్చీరాని తెలుగులో అడిగింది.

"ఎవులు బావూ, ఆ పెట్టెల మాటాడతన్నది? ఇలగ ఏ ఊర్ల మాటాడతారు?"

నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. ఏ ఊళ్ళోనూ మాట్లాడరు గదా!

అప్పుడు జీపులో సామాను మోయడానికి వచ్చిన కుర్రాడు, పక్క గ్రామంవాడే, మైకు అందుకొన్నాడు. ఆ సంతలో అన్ని తెగలవారికీ ఉమ్మడిగా అర్థమయ్యే ఆదివాసీ ఒడియాలో చెప్పాడు. అరవలేదు, దీర్ఘాలు తీయలేదు. ఇంటి అరుగుమీద కూర్చొని పొరుగువాడితో చెప్పినట్టు చెప్పాడు. బేరాలు ఆగిపోయాయి. ఆ పెద్దావిడ బుట్ట పక్కన పెట్టి లేచి వచ్చి ఏదో అడిగింది. అతను జవాబు చెప్పాడు. మరొకాయన దెబ్బలాడాడు, దానికీ జవాబు చెప్పాడు. టేపు జవాబు చెప్పలేదు గదా! పావుగంటలో గోడ సంగతి సంతంతా పాకిపోయింది.

తిరిగి వచ్చాక స్టూడియోలో చెప్పాను, వచ్చేసారి ఆ కుర్రాడి చేత చెప్పించండి అని. "వాడికి వాయిస్ ఎక్కడుందండీ?" అన్నారు. నేను రెట్టించలేదు. రెట్టిస్తే నా తర్వాతి కాంట్రాక్టు ఏమవుతుందో అని లోపల ఒక పిరికి లెక్క. ఆ రోజు అతనికి దక్కింది మోత కూలి, నాకు దక్కింది డెబ్బయ్యయిదు. అంతకన్నా సిగ్గుచేటైన మాట ఇంకొకటి ఉంది. పేరు వేయరు, పేరు వేయరు అని జీవితమంతా ఏడ్చిన నేను, ఆ కుర్రాడి పేరు అడగలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే, "ఎరువు సొమ్ము బరువు చేటని మా అమ్మ ఊరికే అనేదా?" అంది. నగల విషయంలో అనే సామెత అది. గొంతుకూ పనికొస్తుందని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాతే నేను కాస్త పుస్తకాలు తిరగేశాను. గిడుగు రామమూర్తిగారు అనగానే మనకు వాడుక భాష గుర్తొస్తుంది, ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఈ తూర్పు కనుమల్లోనే, ఉత్తరాన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఆయన సవరల మాట నేర్చుకొన్నారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకొని, అతని నోటివెంట విని విని నేర్చారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. దశాబ్దాల చాకిరీ అది. నేను అరగంటలో "కొండ యాస" పట్టేశాను!

అరకు ప్రాంతపు కొండదొరల కూబి భాషమీద భద్రిరాజు కృష్ణమూర్తిగారి గ్రంథం 1969లో వచ్చింది. అది చూస్తే తలతిరిగింది. నేను ఒకే యాస అనుకొన్న ఆ కొండల్లో కూబి వేరు, కువి వేరు. గదబల్లోనే రెండు భాషలున్నాయి, ఒకదానితో ఒకదానికి చుట్టరికమే లేదు. సవర, గుతోబు గదబ ముండా కుటుంబానివి. కువి, కూబి మాత్రం మన తెలుగుకు దగ్గరి చుట్టాలు, ఒక తల్లి బిడ్డలంత దగ్గర. చుట్టాల మాటను వెక్కిరించి ఇన్నాళ్ళూ పొట్ట పోసుకొన్నానన్నమాట.

సినిమాను మాత్రం ఏమనగలం? 1974లో "అల్లూరి సీతారామరాజు" చాలాభాగం చింతపల్లి అడవుల్లోనే తీశారు. చూసి ఒళ్ళు పులకరించనివాడు లేడు. నేనూ పులకరించినవాణ్ణే. కానీ మన తెరమీద కొండ కనిపించినంతగా కొండ మాట వినిపించలేదన్నది నిజం. ఇవాళ పాడేరు ముఖ్యపట్టణంగా 2022లో ఏర్పడిన జిల్లాకు ఆ సీతారామరాజు పేరే పెట్టారు. అంతకుముందే, 2000ల మధ్యలో, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా వంటి ఎనిమిది భాషల్లో పసిపిల్లలకు బడి వాచకాలు కూడా తయారయ్యాయి. ఆలస్యమైనా మంచిమాట.

మొన్నామధ్య ఒక స్టూడియో కుర్రాడు ఫోను చేశాడు. "సార్, ఒక ముసలాయన క్యారెక్టరు. అరకు సైడు. ట్రైబల్ స్లాంగులో కొట్టేయాలి. మీకు కొట్టిన పిండి గదా!"

"ఏ భాష నాయనా? కువియా, కూబియా, ఆదివాసీ ఒడియానా?" అన్నాను.

అవతల కాసేపు నిశ్శబ్దం. "అవన్నీ ఎవరికి తెలుస్తాయి సార్?"

"అక్కడివాళ్ళకు తెలుస్తాయి. ఒకాయన నంబరు ఇస్తాను, రాసుకో. గొంతు బాగుంటుంది. నాకు ఇద్దామనుకొన్నదే ఆయనకూ ఇవ్వాలి. పేరు వేయడం మరిచిపోకు."

"పేరేంటి సార్?"

ఈసారి మాత్రం అడిగి పెట్టుకొన్నాను. ఇంటిపేరుతో సహా చెప్పాను.