టెండరు: ఇది కాంట్రాక్టర్లది కాదు

టెండరు అనగానే మనకు రోడ్డు పనో, చెరువు పూడికతీతో గుర్తొస్తుంది. క్రూజ్ ఎక్కినవాళ్లు ‘రేపు టెండర్ పోర్ట్’ అన్న ప్రకటన చూసి, నడిసముద్రంలో ఈ వేలంపాటలేమిటని తికమకపడితే తప్పు వాళ్లది కాదు.

రేవులో పెద్ద ఓడ ఆనే చోటు లేకపోతే దూరంగా ఆపేస్తారు. అక్కణ్ణించి జనాన్ని ఒడ్డుకు చేర్చే చిన్న పడవే టెండరు. ఇంగ్లీషు ‘అటెండ్’ తల తెగి ‘టెండ్’ అయింది, అంటే కనిపెట్టుకుని ఉండటం. ఆవిరి ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే బండి పేరూ ఇదే. కాంట్రాక్టర్ల టెండరు ‘అందించు’ అనే అర్థంతో ఫ్రెంచి మీదుగా వచ్చింది. రెండింటికీ తాత ఒకడే, ‘చాచు’ అనే లాటిన్ ‘టెండెరె’. ఒక మనవడు చెయ్యి చాచాడు, ఇంకొకడు మనసు చాచాడు. మెత్తదనం చెప్పే ‘టెండర్’ మాత్రం ఈ ‘టెండెరె’ నుంచి వచ్చింది కాదు.

కేమన్ దీవుల జార్జ్‌టౌన్‌లో క్రూజ్ యాత్రికులకు ఈ పడవలే దిక్కు. మన లక్షద్వీప్‌లోనూ చాలాచోట్ల ఓడ దిగి చిన్న పడవ ఎక్కాల్సిందే. కాబట్టి టికెట్ కొనేముందే ఏయే రేవుల్లో టెండరో అడగండి. అలలు రేగితే ఒడ్డుకు వెళ్లడం రద్దు కావచ్చు. ఊగే పడవలోకి అడుగు వెయ్యాలి గనక మోకాళ్ల నొప్పులవాళ్లు, చక్రాల కుర్చీవాళ్లు ముందే సిబ్బందితో మాట్లాడుకోవాలి. ఆఖరి పడవ వేళను ఓడ గడియారం ప్రకారం రాసి పెట్టుకోండి. ఈ టెండరుకు గడువు పొడిగింపు ఉండదు!